ముందు క్రేట్, తర్వాత టికెట్: పెంపుడు జంతువుతో విమాన ప్రయాణానికి ఏ దారి మంచిది?

బదిలీ ఆర్డరు వచ్చిన వారానికల్లా మా ఇంట్లో ఢిల్లీకి టికెట్లు కొనేశారు. బీరువా, ఫ్రిజ్, పుస్తకాలు ఎలా వెళ్లాలో కూడా తేలిపోయింది. అప్పుడు అమ్మ అడిగింది, "మరి రాజాగాడి సంగతేంట్రా?" అని. రాజా 16 కిలోల వీధికుక్క. మా వీధిలోనే పుట్టి, ఒక వానాకాలం మా గుమ్మంలోకి వచ్చి ఇక కదలనివాడు. ఫోన్ చేస్తే, ఆ విమానంలో జంతువులకు ఉన్న చోటు అప్పటికే నిండిపోయిందన్నారు. టికెట్లు మార్చుకున్నాం, డబ్బు పోయింది. తీరా హడావుడిగా కొన్న క్రేట్ (జంతువును లోపల ఉంచి పంపే గట్టి పెట్టె) చిన్నదైంది, అదీ మార్చాల్సి వచ్చింది.

అందుకే ఇప్పుడు ఎవరడిగినా క్రేట్ కొన్నాకే టికెట్ కొనమంటాను. క్రేట్‌తో కలిపి బరువెంత, దాని కొలతలెంత, అందులో మీ కుక్కో పిల్లో ఎంతసేపు కుదురుగా ఉండగలదు అన్నవి తెలిస్తే ఏ దారిన వెళ్లాలన్నది సగం తేలిపోయినట్టే.

## ఏం చూసుకుని తేల్చుకోవాలి

బరువు. విమాన కంపెనీలు చెప్పే పరిమితి జంతువు ఒక్కదానిది కాదు, బ్యాగుతో కలిపి. 5 కిలోల పిల్లిని కిలోన్నర బ్యాగులో పెడితే ఆరున్నర అవుతుంది. ఇంట్లో కాటా మీద ఒకసారి మీరు ఒక్కరే, ఇంకోసారి జంతువుతో సహా క్రేట్ ఎత్తుకుని నిలబడి, తేడా చూసుకోండి.

ముక్కు. పగ్, బుల్‌డాగ్, షిట్జు, బాక్సర్, పర్షియన్ పిల్లి లాంటి అణిగిన ముక్కు జాతుల లెక్క వేరు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. ఎక్కువగా నోరు తెరిచి రొప్పడం వల్లే ఒంట్లో వేడి బయటికి పోతుంది. ముక్కు అణిగినవాటికి గాలి వెళ్లే దారే ఇరుకు కాబట్టి ఆ పని సరిగ్గా జరగదు. వేడికి, భయానికి ముందు దెబ్బతినేది ఇవే. చాలా కంపెనీలు వీటిని విమానం కింది భాగంలోకి తీసుకోవు. ఏదైనా కంపెనీ తీసుకుంటానన్నా నేనైతే పంపను.

ఎండ. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో హైదరాబాద్‌లోనో మధ్యాహ్నం రన్‌వే పక్కన తారు ఎంత కాలుతుందో చెప్పక్కర్లేదు. గాల్లో ఉన్న రెండు గంటలకంటే విమానం పక్కన ట్రాలీ మీద ఉండే ఇరవై నిమిషాలే ప్రమాదం.

స్వభావం. దీపావళి టపాకాయలకు మంచం కింద దూరే కుక్క ఒకటి, పెళ్లి బ్యాండు ముందు కూడా నిద్రపోయేది ఇంకొకటి. ఈ రెండింటికీ ఒకే సలహా ఇవ్వలేం.

వయసు, ఆరోగ్యం. 8 వారాల లోపు పిల్లల్ని, కడుపుతో ఉన్నవాటిని ఎక్కించుకోరు. గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవాటికి, బాగా ముసలివాటికి వెటర్నరీ డాక్టరు మాటే ఆఖరిమాట.

ఎన్నాళ్లకు. పెళ్లికో పండక్కో నాలుగు రోజులు వెళ్లొచ్చేదానికీ, ఊరు మారి కాపురం పెట్టడానికీ చాలా తేడా ఉంది. చాలామంది వేసుకోని ప్రశ్న ఇదే.

## ఒక్క చూపులో

| దారి | ఎవరికి నప్పుతుంది | మీ దగ్గరే ఉంటుందా | అసలు చిక్కు |
|---|---|---|---|
| క్యాబిన్‌లో | పిల్లి, చిన్న కుక్క | ఉంటుంది, సీటు కింద | బరువు పరిమితి, చోట్లు తక్కువ |
| అదే విమానంలో కింద హోల్డ్‌లో | మధ్యస్థం కుక్క, క్రేట్ అలవాటున్నది | ఉండదు, కానీ అదే విమానం | నేల మీద వేడి, ఎదురుచూపు |
| కార్గోగా | పెద్ద కుక్క, విదేశాలు | ఉండదు | ఖర్చు, ఏజెంటు మీద ఆధారం |
| రైల్లో ఫస్ట్ ఏసీ కూపే | మధ్యస్థం, పెద్ద కుక్క | ఉంటుంది | కూపే దొరుకుతుందన్న హామీ లేదు |
| కారులో | పగ్ లాంటివి, భయస్థులు | ఉంటుంది | దూరం |
| ఇక్కడే వదిలి వెళ్లడం | కొద్ది రోజుల ప్రయాణం | ఉండదు | నమ్మకమైన మనిషి దొరకాలి |

## క్యాబిన్‌లో

కుదిరితే ఇదే మేలు. మన దేశంలో ఎయిర్ ఇండియా చాలాకాలంగా కుక్కలు, పిల్లులు, పక్షుల్ని తీసుకెళ్తోంది. ఆకాశ ఎయిర్ 2022 నవంబరులో మొదలుపెట్టింది. అప్పట్లో క్యాబిన్‌కి పరిమితి బ్యాగుతో కలిపి 7 కిలోలు. ఈ పరిమితులు పెరుగుతుంటాయి, మారుతుంటాయి. టికెట్ కొనేరోజు ఫోన్ చేసి కనుక్కుని, ఆ మాట ఈమెయిల్‌లో తీసుకోండి. కౌంటర్ దగ్గర "మాకెవరూ చెప్పలేదండీ" అంటే చూపించడానికి ఆ మెయిలే ఉంటుంది. ఇండిగో పెంపుడు జంతువుల్ని తీసుకెళ్లదు, వికలాంగులకు తోడుగా ఉండే సేవా కుక్కలకు తప్ప. వీళ్ల విమానాలే ఎక్కువ కాబట్టి మీ ఊరి నుంచి ఎన్ని విమానాలున్నా మీకు పనికొచ్చేవి కొన్నే.

బ్యాగు మెత్తటిది తీసుకోండి, ముందు సీటు కింద పట్టాలి. దారి పొడుగునా జిప్పు తీయనివ్వరు. ఇక సెక్యూరిటీ దగ్గర జరిగేది చాలామందికి ముందే తెలియదు. అక్కడ జంతువును బయటికి తీయమంటారు. ఖాళీ బ్యాగు ఎక్స్‌రేలోకి వెళ్తుంది, మీరు దాన్ని ఎత్తుకుని నడవాలి. మా పిల్లి చిట్టి మొదటిసారి అక్కడ ఆ బీప్ శబ్దానికి నా భుజం మీదుగా దూకబోయింది. ఇంటి దగ్గరే హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీ) తొడిగి, తాడు మణికట్టుకు చుట్టుకుని ఉన్నాను కాబట్టి సరిపోయింది. ఎయిర్‌పోర్టులో తప్పించుకున్న పిల్లిని పట్టుకోవడం అయ్యే పని కాదు. హార్నెస్ ఒక పది రోజులు ఇంట్లో అలవాటు చేయండి.

హైదరాబాద్ నుంచి బెంగళూరుకు గంటా పది నిమిషాల్లో చిట్టి ఇరవై నిమిషాలు అరిచింది. పక్క సీటాయన ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. తర్వాత నిద్రపోయింది. పిల్లులు ఎక్కువగా ఇంతే.

## అదే విమానంలో కింద

రాజా వెళ్లింది ఇలాగే. దీని మీద భయాలు ఎక్కువ, వాటిలో సగం తప్పు. "సూట్‌కేసుల మధ్య గాలి లేకుండా పడేస్తారట" అని మా పిన్ని ఏడ్చినంత పని చేసింది. నిజానికి హోల్డ్‌లో గాలి పీడనం పైన క్యాబిన్‌లో ఉన్నంతే ఉంటుంది. జంతువుల్ని పెట్టే అరలో వేడి, గాలి అందే ఏర్పాటు ఉంటుంది. లోపల ప్రాణి ఉందని పైలట్‌కు రాతపూర్వకంగా చెప్తారు కూడా.

అసలు భయం వేరే ఉంది. చెక్-ఇన్ అయ్యాక క్రేట్ మీ చేతిలోంచి పోతుంది. అక్కడి నుంచి విమానంలోకి ఎక్కించేదాకా, దిగాక బెల్టు దగ్గరికి తెచ్చేదాకా అది ఎక్కడుంది, నీడలో ఉందా ఎండలో ఉందా అన్నది మీకు కనపడదు. దీనికి మీరు చేయగలిగినవి కొన్నున్నాయి.

వేసవిలో తెల్లవారుజామునో రాత్రో బయల్దేరే విమానం చూడండి. డిసెంబరు, జనవరిలో ఢిల్లీ వెళ్తుంటే మాత్రం పొద్దున్నే వద్దు. పొగమంచుతో విమానాలు గంటలకొద్దీ ఆగిపోతాయి, మధ్యాహ్నం విమానమే నయం. మధ్యలో మారే విమానం ఎంత చవకైనా కొనకండి, నేరుగా వెళ్లేదే తీసుకోండి. ఎక్కగానే ఎయిర్‌హోస్టెస్‌ను పిలిచి "కింద మా కుక్క ఉంది, ఎక్కించారో లేదో కనుక్కుని చెప్తారా?" అని అడగండి. నేను రెండుసార్లు అడిగాను. రెండోసారి ఆమె నవ్వి, "ఎక్కేశాడు సార్" అంది.

ఇక క్రేట్ కొలతలు. విమానయాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐయాటా పెట్టిన లెక్క ఇది. కుక్కను నిలబెట్టి టేపుతో నాలుగు కొలతలు తీసుకోవాలి: ముక్కు నుంచి తోక మొదలుదాకా పొడవు, నేల నుంచి ముందుకాలి మోచేయిదాకా ఎత్తు, భుజాల వెడల్పు, నిలబడినప్పుడు తలపైదాకా (చెవులు నిక్కి ఉంటే వాటి చివరదాకా) ఎత్తు. క్రేట్ పొడవు మొదటి కొలతకు రెండోదానిలో సగం కలిపినంత. వెడల్పు భుజాల వెడల్పుకు రెండింతలు. ఎత్తు నాలుగో కొలత, దాని మీద పరుపు మందం. ఉదాహరణకు ముక్కు నుంచి తోకదాకా 70 సెంటీమీటర్లు, మోచేయి 30, భుజాలు 20, తల 58 అనుకోండి. అప్పుడు క్రేట్ కనీసం 85 పొడవు, 40 వెడల్పు, 58 పైన ఎత్తు ఉండాలి. అణిగిన ముక్కువాటికి ప్రతి కొలతా 10 శాతం పెంచాలి. లోపల అది తల వంచకుండా నిలబడగలగాలి, చుట్టూ తిరగగలగాలి. పెట్‌షాపులో "ల్యాబ్ సైజు సార్" అని ఇచ్చేది తీసుకుని నేను మోసపోయాను, మీరు టేపు తీసుకెళ్లండి.

తలుపుకి ప్లాస్టిక్ క్లిప్పులు కాదు, ఇనుప బోల్టులు ఉండాలి. నీళ్ల గిన్నె తలుపుకే బిగించి, బయటి నుంచే నీళ్లు పోసేలా ఉండాలి. ముందురాత్రి గిన్నెలో నీళ్లు పోసి ఫ్రీజర్‌లో పెడితే ఒలకవు, మెల్లగా కరుగుతాయి. మీరు వేసుకున్న పాత టీషర్టు ఒకటి లోపల వేయండి, ఆ వాసన ధైర్యం. తిండి ప్రయాణానికి నాలుగైదు గంటల ముందు కొద్దిగా పెట్టి ఆపేయండి.

మత్తుమందు గురించి మా డాక్టరుగారిని అడిగితే కళ్లజోడు తీసి మరీ చెప్పారు: "ఇవ్వకండి. నిద్రపోయినట్టు మీకు కనిపిస్తుంది. లోపల బీపీ పడిపోతుంది, ఒంటి వేడిని అదుపు చేసుకోలేదు, వాంతి వస్తే గొంతుకు అడ్డం పడుతుంది." కంపెనీలు కూడా మత్తులో ఉన్నదాన్ని ఎక్కించుకోవు.

## కార్గోగా

ఇందులో జంతువు మీ లగేజీ కాదు, సరుకు. ప్రయాణికుల టెర్మినల్ నుంచి కాదు, కార్గో టెర్మినల్ నుంచి వెళ్తుంది. మీరు అదే విమానంలో ఉండక్కర్లేదు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్దవాటికి విమానంలో చాలాసార్లు ఇదొక్కటే దారి.

డబ్బు విషయంలో ఇక్కడ చాలామంది ఉలిక్కిపడతారు. కార్గోలో అసలు బరువు, పరిమాణపు బరువు రెండూ చూసి ఏది ఎక్కువైతే దానికి వసూలు చేస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తే పరిమాణపు బరువు వస్తుంది. లాబ్రడార్ పట్టే 91 x 61 x 66 క్రేట్ తీసుకుంటే అది 61 కిలోలు. మీ కుక్క 30 కిలోలే ఉన్నా 61కి కట్టాలి. అలాగని చిన్న క్రేట్ కొంటే కౌంటర్ దగ్గరే వెనక్కి పంపుతారు.

ఏజెంటును పెట్టుకుంటే కాగితాలన్నీ వాళ్లే చూస్తారు. కానీ ధర ఎంతని అడిగే ముందు మూడు అడగండి. క్రేట్ మీదా నాదా? అటువైపు దిగాక ఎవరు తీసుకుంటారు? విమానం రద్దయితే ఆ రాత్రి కుక్క ఎక్కడుంటుంది? మూడోదానికి "చూసుకుంటాం లెండి" అన్నవాళ్లకు ఇవ్వకండి.

## రైలు, కారు

ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపేనో, నాలుగు బెర్తుల క్యాబినో మొత్తం మీదే అయితే కుక్కను మీతో తీసుకెళ్లొచ్చు. టూ టైర్, త్రీ టైర్, స్లీపర్‌లలో కుదరదు. టికెట్ కొన్నంత మాత్రాన కూపే వచ్చినట్టు కాదు, చార్టు తయారైనప్పుడే తెలుస్తుంది. ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. కూపే వచ్చాక స్టేషన్ పార్శిల్ ఆఫీసులో టీకా కాగితాలు చూపించి కుక్కను బుక్ చేయాలి. గార్డు పెట్టెలో డాగ్ బాక్స్ అనేది కూడా ఉంది. చవక, కానీ ఆ ఇరుకులో, ఆ చప్పుడులో రాత్రంతా ఒంటరిగా ఉంచడానికి నాకు మనసొప్పదు.

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రైల్లో దాదాపు ఒక రోజు. టపాకాయలకు వణికే కుక్కకు, స్టేషన్లలో దిగి కాళ్లు చాపుకోగలిగిన రైలే విమానం కంటే మేలు కావచ్చు.

హైదరాబాద్ నుంచి విజయవాడ 275 కిలోమీటర్లు, బెంగళూరు 570, విశాఖ 620. ఈ దూరాలకు పగ్‌ను, బుల్‌డాగ్‌ను విమానమెక్కించే పని పెట్టుకోకండి. తెల్లారుజామున నాలుగింటికి ఏసీ కారులో బయల్దేరండి, రెండు గంటలకోసారి ఆపండి. ఎయిర్‌పోర్టుకు ముందుగా చేరడం, అక్కడ కూర్చోవడం, అటువైపు బయటపడటం కలుపుకుంటే విజయవాడకు ఎలాగూ కారే ముందు చేరుతుంది.

## తీసుకెళ్లకపోవడం

నాలుగు రోజుల పెళ్లికి పిల్లిని విమానంలో తీసుకెళ్లేది మన సంతోషానికే తప్ప దానికోసం కాదు. పిల్లి మనుషుల కంటే ఇంటిని ఎక్కువ నమ్ముకుంటుంది. రోజూ పొద్దున సాయంత్రం వచ్చి తిండి పెట్టి, ఇసుక మార్చి, కాసేపు కూర్చునే పక్కింటి అక్క ఉంటే పిల్లికి అదే సుఖం. కుక్కకు ఒంటరితనం ఎక్కువ కష్టం. బోర్డింగ్‌లో పెట్టేట్టయితే ముందు ఒక్క రాత్రి వదిలి చూడండి. చెప్పకుండా వెళ్లి కుక్కల్ని ఉంచే గది చూడనిస్తారో లేదో గమనించండి.

## విదేశాలకైతే

ఇక్కడ ప్రయాణం కంటే కాగితాలు పెద్దవి. చర్మం కింద పెట్టే 15 అంకెల మైక్రోచిప్, దాని తర్వాతే రేబిస్ టీకా, చివరికి మన జంతు క్వారంటైన్ కేంద్రం ఇచ్చే ఆరోగ్య పత్రం. హైదరాబాద్ కేంద్రం శంషాబాద్‌లో ఉంది. చిప్ కంటే ముందు వేసిన టీకాను చాలా దేశాలు లెక్కలోకి తీసుకోవు. ఈ వరుస తప్పి మళ్లీ మొదటికొచ్చినవాళ్లు నాకే ఇద్దరు తెలుసు.

యూరోపియన్ యూనియన్ దేశాలకు, బ్రిటన్‌కు భారత్ నుంచి వెళ్తే టీకా వేసిన 30 రోజులకు, అది పనిచేసిందో లేదో చూసే రక్తపరీక్ష, ఆ రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలల ఎదురుచూపు. అంటే కనీసం నాలుగు నెలలు. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక మొదలుపెడితే మీరు ముందు, కుక్క తర్వాత. పైగా బ్రిటన్‌లోకి క్యాబిన్‌లో తీసుకెళ్లే దారి లేదు, సేవా కుక్కలకు తప్ప అన్నీ కార్గోగానే దిగాలి.

అమెరికా నియమాలు 2024 ఆగస్టు 1 నుంచి మారాయి. కుక్కకు కనీసం 6 నెలల వయసు, మైక్రోచిప్, అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఫారం ఉండాలి. కుక్కల రేబిస్ ఎక్కువున్న దేశాల జాబితాలో భారత్ ఉంది కాబట్టి ఇక్కడ టీకా వేసిన కుక్క సీడీసీ గుర్తింపున్న జంతు సంరక్షణ కేంద్రం ఉన్న ఎయిర్‌పోర్టులోనే దిగాలి, అక్కడ ముందే చోటు బుక్ చేసుకోవాలి. అలాంటివి న్యూయార్క్ జేఎఫ్‌కే, అట్లాంటా, లాస్ ఏంజెలెస్ లాంటి కొన్నే. టికెట్ కొనేముందు మీరు దిగే ఊరు ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. రక్తపరీక్ష ఫలితం లేకపోతే 28 రోజుల క్వారంటైన్. పిల్లులకు ఈ తంతు లేదు, సీడీసీ రేబిస్ కాగితం అడగదు, కానీ వెళ్లే రాష్ట్రం అడగొచ్చు.

అమెరికాలో ఉంటూ అమ్మానాన్నలకు చూపించడానికి కుక్కను తెచ్చేవాళ్లు ఒకటి మరచిపోతారు. తిరిగి వెళ్లడానికి కావలసిన అమెరికా టీకా ధ్రువపత్రాన్ని అక్కడి నుంచి బయల్దేరకముందే అక్కడి వ్యవసాయ శాఖతో ముద్ర వేయించుకోవాలి. ఇక్కడికొచ్చాక ఎంత తిరిగినా రాదు. భారత్‌లోకి తేవడానికి క్వారంటైన్ శాఖ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కూడా ముందే కావాలి. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్, కొచ్చి లాంటి కొన్ని ఎయిర్‌పోర్టుల ద్వారానే తేవచ్చు.

ఆస్ట్రేలియాకు భారత్ నుంచి నేరుగా పంపే వీల్లేదు. వాళ్లు ఒప్పుకున్న ఇంకో దేశంలో 180 రోజులు ఉంచి పంపాలి. రెండేళ్ల చదువుకు వెళ్తుంటే, కుక్కను అమ్మానాన్నల దగ్గర వదలడమే సరైన పని అని నా అభిప్రాయం.

## ఎవరు ఏది ఎంచుకోవాలి

పిల్లి ఉండి ఊరు మారుతుంటే క్యాబిన్, ఇంకో ఆలోచన వద్దు. 10 నుంచి 20 కిలోల మధ్య ఆరోగ్యమైన కుక్క ఉండి, నేరుగా వెళ్లే విమానం ఉంటే హోల్డ్. అది కూడా చలికాలంలోనో, రాత్రిపూటో. పగ్‌కి ఒక రోజులో తేలే దూరమైతే కారు, దూరమైతే కూపే. అదీ కుదరకపోతే బదిలీనే రెండు నెలలు వాయిదా వేసుకోగలరేమో ఆఫీసులో అడిగి చూడండి, నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి. లాబ్రడార్‌కు డబ్బు సర్దుబాటైతే కార్గో, లేకపోతే కూపే. నాలుగు రోజుల ప్రయాణమైతే ఏదైనా సరే, ఇంట్లోనే.

ఏది ఎంచుకున్నా నెల ముందే క్రేట్ తెచ్చి హాల్లో పెట్టండి. మొదటి వారం తలుపు తీసే ఉంచి, తిండి లోపల పెట్టండి. రెండో వారం తిన్నాక తలుపు ఒక నిమిషం వేసి తీయండి. తర్వాత పది నిమిషాలు, గంట. చివరి వారం క్రేట్‌ను కారులో పెట్టి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక రౌండు కొట్టి రండి. కాళ్లు గీరుకుంటూ, నురగ కక్కుతూ ఉంటే విమానం ఆలోచన మానుకోండి, మీకు ఇంకా రైలు ఉంది.

రాజాకు మూడు వారాలు పట్టింది. ఢిల్లీలో దిగాక క్రేట్ తలుపు ఊడదీసి బాల్కనీలో పెట్టాం, ఎవరికైనా ఇచ్చేద్దామని. ఇంతవరకూ ఇవ్వలేకపోయాం. వాడు మధ్యాహ్నాలు అందులోనే పడుకుంటున్నాడు.